నౌపడ నుంచి గుణుపూర్ దాకా: జ్ఞాపకాలకి వరస కుట్టే మెదడు లయలు

మా అమ్మకి 78 ఏళ్లు. పొద్దున్న ఇడ్లీ తిన్న సంగతి పది గంటలకి గుర్తుండదు. కానీ "అమ్మా, నౌపడలో బండెక్కితే ఏ ఊళ్లొస్తాయే?" అని అడిగితే చాలు, మంచం మీద సర్దుకుని కూర్చుంటుంది. నౌపడ, టెక్కలి, తెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్. మధ్యలో బండి ఆగే చిన్న చిన్న ఊళ్లు కూడా చెప్తుంది. ఒక్కటీ ముందువెనకలవదు. ఆమె ఎక్కిన రైలు ఇప్పటి బ్రాడ్‌గేజ్ బండి కాదు. రాజావారి కాలంలో, 1900లో మొదలైన చిన్న రైలు. రెండున్నర అడుగుల పట్టాల మీద నడిచేది. ఆ పట్టాలు తీసేసి చాలా ఏళ్లయింది. స్టేషన్లన్నీ చెప్పి ఐదు నిమిషాలైనా గడవకుండానే అమ్మ వాకిలి వైపు చూసి, "ఒరే నాన్నా, బండొచ్చీసిందేటిరా?" అంటుంది. కాసేపటికి మళ్లీ అదే మాట.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా జమీందారీ రెండు ముక్కలైంది. మేము ఇటు ఉండిపోయాం, మహేంద్రతనయ నదికి అవతల పాతపట్నం అటు ఉండిపోయింది. బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు. ముప్పై ఏళ్లు సైన్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అమ్మని బరంపురం తీసుకెళ్లినప్పుడు డాక్టరుగారు ఎమ్మారై ఫిల్ము వెలుతురుకి పట్టి చూపించి, "హిప్పోకాంపస్ చిక్కిపోయిందండీ" అన్నారు. ఆ మాట నాకు కొత్తేం కాదు, పదో తరగతి పిల్లలకి బొమ్మ కూడా గీశాను. కానీ అది చిక్కిపోతే నిన్నటి రోజు ఎందుకు పోతుందో, అరవై ఏళ్ల కిందటి రైలు ఎందుకు మిగులుతుందో నాకు తెలియదని ఆ రోజే తెలిసింది. అప్పట్నుంచి చదువుతున్నాను. చదివిన దాంట్లో నన్ను బాగా పట్టుకున్నది హిప్పోకాంపస్ ఆకారమో, పరిమాణమో కాదు, అందులో నడిచే లయ. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది కాబట్టి, ఆ సంగతి మనం మాట్లాడుకునే మాటల్లోనే చెప్తాను.

మెదడుకి రెండు వైపులా, చెవుల పైభాగానికి లోపలగా, చెరొక హిప్పోకాంపస్ ఉంటుంది. ఒక్కోటి దాదాపు చిటికెన వేలంత. వంపు తిరిగిన ఆ ఆకారాన్ని చూసి 16వ శతాబ్దంలో అరాంజీ అనే ఇటలీ వైద్యుడు సముద్రపు గుర్రం పేరు పెట్టాడు. అది ఏం పని చేస్తుందో మాత్రం 1953 దాకా ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆ ఏడాది అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి ఫిట్స్ తగ్గించడానికి విలియం స్కోవిల్ అనే సర్జన్ రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగాన్ని, దాని చుట్టుపక్కల కొంత మెదడుని తీసేశాడు. ఫిట్స్ తగ్గాయి. కానీ ఆ రోజు నుంచి 2008లో చనిపోయేవరకు హెన్రీకి కొత్త సంగతి ఏదీ నిలవలేదు. తనని దశాబ్దాల పాటు పరీక్షించిన బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తని ప్రతిసారీ కొత్త మనిషిలాగే పలకరించేవాడు. చిన్ననాటి సంగతులు మాత్రం చెప్పగలిగేవాడు. ఇంకో వింత ఉంది. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ చుట్టూ గీత గీయమంటే రోజురోజుకీ మెరుగ్గా గీసేవాడు, నిన్న గీసినట్టు మాత్రం గుర్తుండేది కాదు. చేతికి గుర్తుండేది వేరు, మనసుకి గుర్తుండేది వేరని అలా తేలింది. మా అమ్మ ఇప్పటికీ చుక్కల ముగ్గు తప్పు లేకుండా వేస్తుంది. వేసిన ముగ్గుని చూసి "ఎవలేసేర్రా, బాగుంది" అంటుంది.

అంటే హిప్పోకాంపస్ కొత్త సంగతుల్ని పట్టుకునే చోటు. పాత సంగతులు చాలావరకు మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో స్థిరపడి ఉంటాయి. అయితే కొత్తది పట్టుకోవడం అంటే ఏమిటి? అక్కడి నుంచి పైపొరలోకి ఎలా వెళ్తుంది? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు లయలో ఉంది.

తప్పెట్ల మోత

మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే నరాల కణాలు, ఉంటాయి. ఒక న్యూరాన్ మాట్లాడటం అంటే ఒక చిన్న విద్యుత్ చిటిక. సెకనులో వెయ్యో వంతు ఉంటుంది, అంతే. అలాంటి ఒక్క చిటికని తల బయట నుంచి వినలేం. కానీ 1924లో హాన్స్ బెర్గర్ అనే జర్మన్ వైద్యుడు తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తే సూది ఊగింది. 1929లో ఆయన ఆ సంగతి ప్రచురించాడు. కళ్లు మూసుకున్న మనిషి తల వెనక నుంచి సెకనుకి పదిసార్లు చొప్పున అల వస్తోంది.

మా వైపు తప్పెటగుళ్లు చూసినవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. పదిహేనుమంది గుండెల మీద తప్పెట్లు కట్టుకుని ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు కొడితే పక్క వీధికి గోల మాత్రమే వినిపిస్తుంది. ఒకే దెబ్బ మీద కొడితే పొలిమేర దాకా వినిపిస్తుంది. బెర్గర్ విన్నది లక్షల న్యూరాన్లు ఒకే పోటున ఎగసి, ఒకే పోటున తగ్గడం.

మరి మెదడుకి దీనితో పనేమిటి? న్యూరాన్లలో రెండు రకాలున్నాయి. ఒకటి పక్కవాణ్ని మాట్లాడమని పురికొల్పేది, రెండోది "ఆగు" అని నోరు నొక్కేది. ఆపే న్యూరాన్లు సంఖ్యలో తక్కువే కానీ, ఒక్కొక్కటి వందల న్యూరాన్లని పట్టుకుని ఉంటుంది. అవన్నీ కలిసి ఒక్కసారి అందరినీ ఆపి, ఒక్కసారి వదిలేస్తే లయ పుడుతుంది. వదిలిన క్షణంలో ఎవరు ముందు మాట్లాడతారు? బయట నుంచి ఎక్కువ ప్రోద్బలం వచ్చిన న్యూరాన్. తరవాత కాస్త తక్కువ వచ్చినది. అంటే ఆపి వదలడం వల్ల గుంపు వరసలోకి వస్తుంది. లయని నేను చాలాకాలం మెదడు యంత్రం చేసే చప్పుడు అనుకున్నాను. ఈ సంగతి చదివాక అది పని చేసే పద్ధతిలో భాగమని అర్థమైంది.

నడకకి ఒక లయ

హిప్పోకాంపస్‌లో పెద్ద లయ పేరు థీటా. 1954లో గ్రీన్, అర్దుయీని అనే ఇద్దరు కుందేలు మీద చేసిన ప్రయోగాలతో ఇది అందరి దృష్టికీ వచ్చింది. ఎలుకల్లో సెకనుకి ఇంచుమించు 6 నుంచి 10 సార్లు ఊగుతుంది. 1969లో వాండర్‌వుల్ఫ్ గమనించిందేమిటంటే, ఎలుక నడిచేటప్పుడు, కొత్త చోటు వెతికేటప్పుడు థీటా నిండుగా ఉంటుంది. కూర్చుని మూతి తుడుచుకునేటప్పుడు పోతుంది. కలలు వచ్చే నిద్రలో మళ్లీ వస్తుంది. ఈ లయకి తాళం వేసేది హిప్పోకాంపస్ కాదు. దానికి ముందు భాగాన ఉన్న మీడియల్ సెప్టం అనే చిన్న ముద్ద. 1978లో విన్సన్ ఆ సెప్టం దెబ్బతీస్తే ఎలుకల్లో థీటా పోయింది. అంతకుముందు నేర్చుకున్న చోటుని అవి మళ్లీ కనుక్కోలేకపోయాయి.

ఇక్కడ ఇంకో పెద్ద సంగతి కలుస్తుంది. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, తన విద్యార్థి దోస్త్రోవ్‌స్కీతో కలిసి, ఎలుక హిప్పోకాంపస్‌లో కొన్ని న్యూరాన్లు గదిలో ఒక ప్రత్యేకమైన చోటికి వచ్చినప్పుడు మాత్రమే పలుకుతున్నాయని కనిపెట్టాడు. వాటికి ప్లేస్ సెల్స్ అని పేరు. చోటు న్యూరాన్లు అనుకోండి. 2014లో ఓకీఫ్‌కి, ఆ పక్క భాగంలో జాలీలాంటి లెక్కతో పలికే గ్రిడ్ సెల్స్‌ని కనిపెట్టిన మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్‌లకి కలిపి నోబెల్ వచ్చింది. ఇది ఎలుకలకే పరిమితం కాదు. ఫిట్స్ ఆపరేషన్ కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టించుకున్న రోగులు కంప్యూటర్ మీద టాక్సీ నడిపే ఆట ఆడుతుంటే, వాళ్లలోనూ చోటు న్యూరాన్లు కనిపించాయని 2003లో బయటకొచ్చింది.

పర్లాకిమిడి స్టేషన్‌లో దిగి మా ఇంటికి నడిచి వస్తున్నాననుకోండి. టీ కొట్టు, రావిచెట్టు, గుడి, కొళాయి, మా సందు. ఒక్కోదానికి కొన్ని న్యూరాన్లు. టీ కొట్టు న్యూరాన్ పలికిన చాలా సెకన్లకి గాని రావిచెట్టు న్యూరాన్ పలకదు. ఇక్కడే చిక్కు. రెండు న్యూరాన్ల మధ్య అతుకుని సైనాప్స్ అంటారు. అది గట్టిపడాలంటే మొదటిది పలికిన కొన్ని పదుల మిల్లీసెకన్లలోపు రెండోది పలకాలి. ముందు పలికినదాని నుంచి తరవాత పలికినదానికి వెళ్లే దారి బలపడుతుంది. వెనకాముందూ తారుమారైతే అదే దారి బలహీనపడుతుంది. 1990ల చివర్లో ఇది ప్రయోగాల్లో తేలింది. మరి సెకన్ల ఎడంలో జరిగేవాటిని మిల్లీసెకన్ల సూదితో కుట్టడం ఎలా?

1993లో ఓకీఫ్, మైకేల్ రెస్ కలిసి చెప్పిన ఒక వింత దీనికి తాళంచెవి. ఎలుక ఒక చోటులోకి అడుగుపెడుతుండగా ఆ చోటు న్యూరాన్ థీటా అలలో ఆఖర్న పలుకుతుంది. చోటు మధ్యకి వచ్చేసరికి అల మధ్యలో, దాటిపోతుండగా అల మొదట్లో పలుకుతుంది. అంటే ఏ ఒక్క అలని తీసుకున్నా, దాని మొదట్లో ఇప్పుడే దాటిన చోటు, మధ్యలో ఉన్న చోటు, ఆఖర్న రాబోయే చోటు వరసగా పలుకుతాయి. మొత్తం 120 మిల్లీసెకన్లలో. టీ కొట్టు, రావిచెట్టు, గుడి అని సెకనుకి ఎనిమిదిసార్లు లోపల వల్లె వేసినట్టు. కాళ్లకి చాలా సెకన్లు పట్టిన దారి సైనాప్స్‌కి అందేంత దగ్గరగా వచ్చేస్తుంది. దీన్ని మొదటిసారి అర్థం చేసుకున్న రాత్రి నేను చాలాసేపు మేలుకునే ఉన్నాను. వరస అనేది జరిగిపోయాక కూర్చుని రాసుకునే చిట్టా అనుకునేవాణ్ని. నడుస్తుండగానే, ప్రతి అలలోనూ, ముందూ వెనకా కలిపి కుడుతోంది మెదడు.

ఆ కుట్టు ఎప్పుడు పడుతుందన్నదీ అల మీదే ఆధారపడుతుంది. 1973లో బ్లిస్, లోమో కుందేలు హిప్పోకాంపస్‌లో సైనాప్స్‌లు గట్టిపడి గంటల తరబడి అలాగే ఉండటం చూపించారు. తరవాత 1988లో పావ్లిడెస్, విన్సన్ బృందం అదే విద్యుత్ పోటు థీటా అల శిఖరం మీద పడితే అతుకు గట్టిపడుతుందని, అల పల్లంలో పడితే గట్టిపడదని చూపించింది. ఒకే సంగతి, ఒకే బలం. పడిన క్షణం వేరైతే ఫలితం వేరు. 2010లో రూటిస్‌హౌజర్ బృందం మనుషుల్లో చూసిందీ దీనికి దగ్గరగానే ఉంది. బొమ్మ చూస్తున్నప్పుడు న్యూరాన్లు థీటాతో ఎంత గట్టిగా కలిసి పలికితే, ఆ బొమ్మ తరవాత అంత బాగా గుర్తుంది.

థీటా మీద సవారీ చేసే ఇంకో లయ గామా. సెకనుకి 30 నుంచి 100 సార్లు. సంగీతం తెలిసినవాళ్లు ఆదితాళం ఆవర్తనాన్ని, దాని లోపలి అక్షరాల్ని తలుచుకుంటే సరిపోతుంది. థీటా ఆవర్తనం, గామా అక్షరాలు. ఒక్కో అక్షరం మీద ఒక్కో సంగతి. సెకనుకి 6 థీటా అలల్లో 40 గామా అలలు పట్టిస్తే ఒక్కో ఆవర్తనానికి ఆరేడు అక్షరాలొస్తాయి. మనిషి ఒక్కసారి విని మనసులో పట్టుకోగలిగే అంకెలు కూడా దాదాపు ఏడే కదా, అది ఇందుకేనేమో అని 1995లో లిస్మన్, ఇడియార్ట్ ప్రతిపాదించారు. చక్కని ఊహ. ఆ ఏడు అంకెకి ఇదే కారణమని తేల్చడం మాత్రం అంత తేలిక కాదు. 2009లో కోల్గిన్, మోజర్ల బృందం ఎలుకల్లో గామాలోనే రెండు తరగతులున్నాయని చూపించింది. వేగంగా కొట్టేది బయట నుంచి వచ్చే కొత్త కబురుతో కలుస్తుంది, నెమ్మదిగా కొట్టేది హిప్పోకాంపస్ లోపలి పాత జ్ఞాపకంతో కలుస్తుంది. చూస్తున్నదీ గుర్తొస్తున్నదీ ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా వేరువేరు తాళాల మీద నడుస్తున్నాయన్నమాట.

ఆగినప్పుడు జరిగే పని

ఎలుక నడక ఆపి తింటున్నప్పుడు, ఊరికే కూర్చున్నప్పుడు, కలలు లేని గాఢనిద్రలో థీటా ఉండదు. అప్పుడు హిప్పోకాంపస్ ఖాళీగా ఉంటుందా? ఉండదు. దాదాపు నిశ్శబ్దంగా ఉన్నచోట ఉన్నట్టుండి ఒక పెద్ద పోటు లేస్తుంది, దాని మీద సెకనుకి 150 నుంచి 200 సార్లు కొట్టే సన్నటి వణుకు. పదో వంతు సెకనులో అయిపోతుంది. చెరువు ఒడ్డున చేప ఎగిరి పడ్డాక నీటి మీద వణుకు చూస్తాం కదా, అలా ఉంటుంది గీత. దీన్నే షార్ప్ వేవ్ రిపుల్ అంటారు, ఇక్కడ రిపుల్ అందాం. గ్యోర్గీ బుజాకీ అనే హంగరీ శాస్త్రవేత్త 1980ల నుంచి దీని వెంటపడ్డాడు. నేర్చుకునేటప్పుడు థీటా, ఆగినప్పుడు రిపుల్, ఇలా జ్ఞాపకం రెండు దశల్లో తయారవుతుందని ఆయన 1989లోనే ప్రతిపాదించాడు.

ఆ రిపుల్ లోపల ఏముందో 1994 నుంచి బయటపడటం మొదలైంది. మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ ఎలుక మేలుకుని తిరుగుతున్నప్పుడు ఏ చోటు న్యూరాన్లు కలిసి పలికాయో రాసుకుని, తరవాత అది నిద్రపోయినప్పుడు చూశారు. అవే న్యూరాన్లు మళ్లీ కలిసి పలుకుతున్నాయి. తరవాతి ప్రయోగాల్లో వరస కూడా అదేనని తేలింది. అయితే వేగం పదీ ఇరవై రెట్లు ఎక్కువ. ఎలుక చాలా సెకన్లు పరుగెత్తిన దారి మొత్తం ఒక రిపుల్‌లో, కన్నురెప్ప పాటులో పారిపోతుంది. 2006లో ఫాస్టర్, విల్సన్ ఇంకో మలుపు చూపించారు. ఎలుక దారి చివరికి చేరి, మేలుకునే కాసేపు ఆగినప్పుడు, అదే వరస వెనక నుంచి ముందుకి పలుకుతోంది. గుణుపూర్‌లో దిగి, ప్లాట్‌ఫాం మీద నిలబడి, వచ్చిన స్టేషన్లు తిరగేసుకున్నట్టు.

ఇది చూడ్డానికి బాగుంది గాని, నిజంగా జ్ఞాపకానికి కావాలా అని అడిగే హక్కు మనకుంది. 2009లో గాబ్రియెల్ జిరార్దో, బుజాకీ, జుగారో కలిసి ఆ ప్రశ్నకి నేరుగా జవాబు వెతికారు. ఎనిమిది దారులున్న పలక మీద, మూడు దారుల చివర మాత్రమే తిండి ఉంటుంది. ఎలుకలు రోజూ నేర్చుకోవాలి. నేర్చుకున్నాక గంట సేపు నిద్రలో, రిపుల్ మొదలవగానే యంత్రం పసిగట్టి చిన్న విద్యుత్ పోటుతో దాన్ని చెరిపేసింది. ఇంకో గుంపుకి అన్నే పోట్లు ఇచ్చారు, కానీ రిపుల్ లేని క్షణాల్లో. రిపుల్ చెరిగిన ఎలుకలు వెనకబడ్డాయి. పోటు వల్ల కాదు, చెరిగినదాని వల్ల. 2019లో బుజాకీ ప్రయోగశాలలోనే ఫెర్నాండెజ్-రుయిజ్ బృందం దీన్ని తిరగేసి చూసింది. వెలుతురుతో న్యూరాన్లని పనిచేయించే పద్ధతిలో రిపుల్స్‌ని కాస్త పొడిగిస్తే ఎలుకలు దారిని మెరుగ్గా గుర్తుంచుకున్నాయి. తీసేస్తే తగ్గింది, పెంచితే పెరిగింది. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఈ రంగంలో తక్కువే దొరుకుతుంది.

2024లో అదే ప్రయోగశాల నుంచి వచ్చిన ఇంకో ఫలితం నా మనసులో నిలిచిపోయింది. మేలుకుని ఉండగా, పని ముగించి ఆగిన క్షణంలో రిపుల్స్ ఏ అనుభవాల మీద పడతాయో, రాత్రి నిద్రలో ఆ అనుభవాలే ఎక్కువగా మళ్లీ పలికాయి. మా ఊళ్లో కిరాణా కొట్టాయన పగలు బేరం మధ్య కాస్త ఊపిరి పీల్చుకుని కొన్ని చీటీల మీద పెన్సిల్ గుర్తు పెట్టుకుంటాడు, రాత్రి తలుపు వేశాక ఆ చీటీలే ఖాతాలోకి ఎక్కుతాయి. దాదాపు అదే పద్ధతి. పని మధ్యలో వచ్చే చిన్న విరామాలు ఊరికే పోవడం లేదు.

మనుషుల్లోనూ రిపుల్స్ ఉన్నాయి, ఎలుకల కన్నా నెమ్మది, సెకనుకి దాదాపు వంద దరిదాపుల్లో. 2019లో నార్మన్, మలాక్ బృందం ఫిట్స్ రోగులకి ప్రసిద్ధుల ముఖాలు, ప్రసిద్ధ స్థలాల ఫోటోలు చూపించి, తరవాత కళ్లకి గంతలు కట్టి గుర్తున్నవి చెప్పమన్నారు. నోటితో చెప్పడానికి సెకనో రెండో ముందు హిప్పోకాంపస్‌లో రిపుల్స్ పెరిగాయి. మాట నాలుక మీదికి వచ్చేలోపే లోపల అల లేచిందన్నమాట.

రాత్రి జరిగే సర్దుడు

మా పక్కింటి కుర్రాడు మెట్రిక్ పరీక్షకి ముందు రోజు రాత్రి రెండింటి దాకా లైటు వేసుకుని చదివేవాడు. "మాస్టారూ, పడుకుంటే చదివింది పోతుందని టెన్షన్‌గా ఉందండి" అనేవాడు. వాడి భయం నాకు అర్థమైంది, నేనూ అలాగే చదివినవాణ్ని. కానీ జరిగేది సరిగ్గా తలకిందులు. 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ అర్థం లేని అక్షరాల వరసలు నేర్పించి చూశారు. నేర్చుకున్నాక పడుకున్నప్పుడు, మేలుకుని ఉన్నప్పటి కన్నా చాలా తక్కువ మరిచిపోయారు. కారణం అప్పుడు తెలియదు. ఇప్పుడు కొంత తెలుసు.

గాఢనిద్రలో మూడు లయలు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. మెదడు పైపొర అంతా సెకనుకి ఒకసారి కన్నా తక్కువగా నెమ్మదిగా ఊగుతుంది. అందరూ కలిసి మౌనం, అందరూ కలిసి మేలుకొలుపు. ఆ మేలుకొలుపు భాగంలో, మెదడు నడిమధ్యన ఉన్న థాలమస్ నుంచి స్పిండిల్ అనే అల వస్తుంది, సెకనుకి 12 నుంచి 15 సార్లు, అర సెకను నుంచి రెండు సెకన్ల పాటు. గీత మీద అది మగ్గం కండెలా మధ్యలో లావుగా, రెండు కొసలా సన్నగా ఉంటుంది. ఆ స్పిండిల్ పల్లాల్లో హిప్పోకాంపస్ రిపుల్ పడుతుంది. 2015లో స్టారెసినా బృందం మనిషి మెదడులో నేరుగా ఎలక్ట్రోడ్లతో ఈ మూడూ ఒకదానిలో ఒకటి ఒదగడం చూపించింది. పైపొర వినడానికి సిద్ధంగా ఉన్న క్షణంలోనే హిప్పోకాంపస్ తన వరసని వినిపిస్తోంది. 2016లో మాంగ్రే, జిరార్దో, జుగారో బృందం ఎలుకల్లో రిపుల్‌కీ పైపొర అలకీ మధ్య ఈ జత కుదిరేలా విద్యుత్‌తో సాయం చేస్తే, మామూలుగా మరుసటి రోజుకి మరిచిపోయే సంగతి గుర్తుండిపోయింది. సాయం చేసినప్పుడు జత తప్పితే ఆ లాభం రాలేదు.

ఇలా రాత్రి వెనక రాత్రి, అదే సంగతి పైపొరకి మళ్లీ మళ్లీ చేరి అక్కడ సొంతంగా అల్లుకుంటుంది. మా అమ్మ స్టేషన్లు నిలిచింది ఇందువల్లేనని నేను నమ్ముతున్నాను. పుట్టిల్లు టెక్కలి, మెట్టినిల్లు పర్లాకిమిడి. పండక్కీ పురిటికీ కొన్ని వందలసార్లు తిరిగిన దారి, వేల రాత్రులు లోపల పరుగెత్తిన దారి. హిప్పోకాంపస్ చిక్కిపోయే నాటికి ఆ వరస ఎప్పుడో పైపొరకి చేరిపోయింది. పొద్దున్న తిన్న ఇడ్లీ సంగతి అలా కాదు, దాన్ని పట్టుకోవాల్సిన చోటే చెడింది. ఈ విషయంలో శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. పొడి వివరాలు పైపొరకి పూర్తిగా చేరతాయి గాని, కళ్లకి కట్టినట్టు ఉండే అనుభవానికి ఎన్నేళ్లయినా హిప్పోకాంపస్ కావాలనేవాళ్లు ఉన్నారు. అమ్మని చూస్తుంటే నాకు వాళ్ల మాటలోనూ నిజం కనిపిస్తుంది. స్టేషన్ల పేర్లు ఉన్నాయి, వరస ఉంది. ఫలానా రోజు ప్రయాణంలో ఏం జరిగిందమ్మా అంటే చాలాసార్లు జవాబు రాదు.

సరిహద్దులు

ఇంత చెప్పాక రెండు జాగ్రత్తలు చెప్పకపోతే తప్పవుతుంది. మొదటిది, ఎలుకకి నిజమైందంతా అన్ని జీవాలకీ నిజం కాదు. 2011లో యార్ట్‌సేవ్, ఉలనోవ్‌స్కీ గబ్బిలాల్లో గ్రిడ్ సెల్స్ చూశారు. కానీ ఎలుకలోలా ఆగకుండా కొట్టే థీటా వాటిలో లేదు. మనిషిలోనూ థీటా ఇంకా నెమ్మదిగా, తెరలు తెరలుగా వస్తుంది. కాబట్టి గడియారంలా టిక్‌టిక్‌మనే తాళమే జ్ఞాపకానికి మూలమని చెప్పలేం. న్యూరాన్లు ఒకదానితో ఒకటి కలిసి, వరసగా పలకడం ముఖ్యమని చెప్పొచ్చు. ఎలుకలో ఆ పనికి థీటా వాహనం. ఇంకో జీవిలో వాహనం వేరుగా ఉండొచ్చు.

రెండోది మనింటి దాకా వచ్చే విషయం. ఫోన్ తెరిస్తే థీటా తరంగాల సంగీతం వింటే జ్ఞాపకశక్తి రెట్టింపు అని వీడియోలు కనిపిస్తున్నాయి. పరీక్షల సీజన్లో పిల్లలు చెవుల్లో పెట్టుకుని తిరుగుతున్నారు. అమ్మకి పెట్టమని నాకూ ఇద్దరు ముగ్గురు పంపారు, ప్రేమతోనే పంపారు. చెవిలో మోగే చప్పుడు సెకనుకి ఆరుసార్లు ఊగినంత మాత్రాన లోతుల్లో ఉన్న హిప్పోకాంపస్ దానికి తలూపి, సరైన న్యూరాన్లని సరైన క్షణంలో పలికించదు. ప్రయోగశాలలో పని చేసినవన్నీ మెదడు సొంత అలని కనిపెట్టి, దాని క్షణానికి తగ్గట్టు మెలిగినవి. 2013లో ఎన్గో బృందం నిద్రపోతున్నవాళ్ల నెమ్మది అల పైకి లేచే క్షణానికి సరిగ్గా చిన్న శబ్దం వినిపించినప్పుడు మర్నాటికి పదాల జంటలు మెరుగ్గా గుర్తున్నాయి. క్షణం తప్పించి వినిపిస్తే లాభం లేదు. 2016లో లీ-హ్వే సాయ్ ప్రయోగశాల సెకనుకి 40సార్లు మినుకుమనే వెలుతురుతో అల్జీమర్స్ ఎలుకల మెదడులో పేరుకున్న చెడు ప్రోటీన్ తగ్గిందని చెప్పింది. మనుషుల్లో పరీక్షలు నడుస్తున్నాయి, కానీ ఇంట్లో లైటు పెట్టుకుని చేసుకునే వైద్యం అది కాదు. ఆశ ఉన్న ఇళ్లలోనే ఇలాంటి సామాను ఎక్కువ అమ్ముడవుతుంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మా పక్కింటి కుర్రాడితో నేను అన్నది మాత్రం ఇంతే. పదకొండింటికి లైటు తీసెయ్, పాఠానికీ పాఠానికీ మధ్య పావుగంట ఫోన్ కూడా చూడకుండా అరుగు మీద కూర్చో. మొదటి రోజు నమ్మలేదు, ఒకటికి రెండుసార్లు "నిజంగానా మాస్టారూ" అని అడిగాడు. తరవాత కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు.

అమ్మ విషయంలో నేను చేయగలిగింది ఇంకా తక్కువ. మధ్యాహ్నం కునుకు చెడకుండా చూస్తాను. బండొచ్చిందా అని అడిగితే రాలేదని వాదించడం మానేశాను. మొన్న సాయంత్రం వాన పడి కరెంటు పోయింది. దీపం పెట్టుకుని కూర్చున్నాం. ఫాస్టర్, విల్సన్ ఎలుకలు గుర్తొచ్చి, ఎప్పుడూ అడగని మాట అడిగాను. "అమ్మా, గుణుపూర్‌లో ఎక్కితే?" అన్నాను. కాసేపు ఆగింది. పెదాలు కదులుతున్నాయి గాని మాట రాలేదు. తరవాత మొదలుపెట్టింది. గుణుపూర్, కాశీనగర్, పర్లాకిమిడి, పాతపట్నం, తెంబూరు, టెక్కలి. టెక్కలి దగ్గర ఆగిపోయింది.

"నౌపడ ఉందిగా అమ్మా ఇంకా" అన్నాను.

"నానిక్కడ దిగిపోతాన్రా" అంది. "మాయమ్మ టేసనుకొస్తాది."